బెంజిల్ ఐఆర్‌లో 3441 దగ్గర వెడల్పాటి పీక్: బెంజోయిన్ మిగిలిపోయిందా?

బెంజిల్_అనంత | గురువారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ రెండో ఏడాది చదువుతున్నాను. నా ప్రాజెక్టులో మొదటి మెట్టు బెంజోయిన్‌ని కాన్సన్‌ట్రేటెడ్ నైట్రిక్ యాసిడ్‌తో బెంజిల్‌గా మార్చడం. ఫ్యూమ్ హుడ్‌లో వాటర్ బాత్ మీద పెట్టి, ఎర్రటి పొగలు ఆగేదాకా వేడి చేశాను. చల్లటి నీళ్లలో పోసి, వడగట్టి, కడిగి, ఆరబెట్టాను. తెల్లగా ఉన్న పొడి చక్కటి పసుపు రంగుకి వచ్చింది. మెల్టింగ్ పాయింట్ 92–94 డిగ్రీలు. అక్కడిదాకా సంతోషంగానే ఉన్నాను.

నిన్న శాంపిల్‌ని కేబీఆర్‌తో (పొటాషియం బ్రోమైడ్ ఉప్పు) కలిపి పెల్లెట్, అంటే బిళ్ల చేసి ఎఫ్‌టీఐఆర్ తీశాను. శాంపిల్ ఏ పరారుణ (ఐఆర్) కాంతిని పీల్చుకుంటుందో చూపే పరీక్ష ఇది. ప్రింటవుట్ చూసేసరికి గుండె జారిపోయింది. వచ్చిన పీక్‌లు ఇవి (అంకెలన్నీ సెం.మీ⁻¹లో, అంటే ఒక సెంటీమీటరులో పట్టే తరంగాల సంఖ్య): 3441 బాగా వెడల్పుగా, 3064 చిన్నది, 2922, 2852 చిన్నవి, 2360 దగ్గర జంట పీక్, 1661 చాలా గట్టిగా, దాని భుజం మీద 1636, తర్వాత 1594, 1579, 1450, 1211, 719.

బెంజిల్‌లో ఓహెచ్ (ఆక్సిజన్–హైడ్రోజన్ గ్రూపు) లేదు కదా, బెంజోయిన్‌లోనే ఉంది. మరి 3441 ఏంటి? బెంజోయిన్ అలాగే మిగిలిపోయిందా? చార్టులో 2200 పైన నైట్రైల్ (కార్బన్, నైట్రోజన్ మధ్య మూడు బంధాల గ్రూపు) అని ఉంది, నా 2360 అదేనా? నైట్రైల్ ఎక్కడి నుంచి వస్తుంది? సోమవారం గైడ్ సార్‌కి చూపించాలి. చాలా టెన్షన్‌గా ఉంది. బ్యాచ్ మొత్తం పారేసి మళ్లీ చేయాలా?

స్పెక్ట్రా_సీమ | గురువారం రాత్రి 10:05

చెల్లీ, ఓహెచ్ కనబడితే ఓహెచ్ ఉన్నట్టే. బెంజోయిన్ పూర్తిగా ఆక్సిడైజ్ కాలేదు. 2922, 2852 కూడా దానికి తోడే, బెంజోయిన్‌లో ఓహెచ్ పట్టుకున్న కార్బన్‌కి ఒక హైడ్రోజన్ ఉంది, అది 3000 కిందే వస్తుంది. ఇంకో అరగంట యాసిడ్‌తో వేడి చెయ్. నేను పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఇలాగే సగం అయిన రియాక్షన్‌ని పూర్తయిందనుకుని ఆర్నెల్లు నష్టపోయాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కర్నూలు_క్యూసీ | గురువారం రాత్రి 10:31

ఆగండి, ఇంత తొందరగా తీర్పు వద్దు. నేను మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ చూస్తాను, రోజుకి పది పదిహేను ఐఆర్‌లు నా చేతి మీదుగా పోతాయి. ముందు కొన్ని సంగతులు చెప్పమ్మా.

కేబీఆర్ ఏ సీసాలోది? ఓవెన్‌లో పెట్టి తీశావా, నేరుగా సీసాలోంచి తీసుకున్నావా? పెల్లెట్ చేసిన రోజు వాతావరణం ఎలా ఉంది? బ్యాక్‌గ్రౌండ్ (శాంపిల్ పెట్టకుండా తీసే ఖాళీ రీడింగ్) ఎప్పుడు తీశారు? కల్వం దేంతో తుడిచావు? పెల్లెట్‌ని చేత్తో పట్టుకున్నావా? శాంపిల్ లేకుండా ఒట్టి కేబీఆర్ పెల్లెట్ ఒకటి తీశావా, లేదా?

బెంజిల్_అనంత | గురువారం రాత్రి 10:58

అన్నా, కేబీఆర్ ల్యాబ్‌లో అందరం వాడే సీసాలోది. మూత సరిగా పట్టదు, పైన కొంచెం గడ్డ కట్టి ఉంటే స్పాచులాతో పొడిచి తీసుకున్నాను. ఓవెన్‌లో పెట్టలేదు. మూడు రోజులుగా ఇక్కడ ముసురు. మన ఊళ్లో ఇలా పట్టడమే అరుదు కదా, తేమ గురించి ఆలోచనే రాలేదు. బ్యాక్‌గ్రౌండ్ పొద్దున ఒకసారి తీశారట, నా వంతు మధ్యాహ్నం మూడుకి వచ్చింది. కల్వాన్ని టిష్యూతో తుడిచాను. పెల్లెట్ డైలోంచి (అచ్చులోంచి) ఊడి రాకపోతే వేలితో నొక్కి తీశాను. ఒట్టి కేబీఆర్ తీయలేదు.

పెన్నా_మేడమ్ | శుక్రవారం ఉదయం 6:15

అమ్మా, నీ జవాబులోనే సగం సమాధానం ఉంది. కడపలో డిగ్రీ పిల్లలకి ముప్పై ఏళ్లుగా చెప్పిన పాఠమే మళ్లీ చెబుతున్నాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ఐఆర్‌లో ఒక్క పీక్ పట్టుకుని ఏ ఫంక్షనల్ గ్రూపూ (ఓహెచ్ లాంటి పరమాణువుల గుంపు) ఖాయం చేయకూడదు. ప్రతి గ్రూపుకీ తోడు పీక్‌లు ఉంటాయి. మనిషి వచ్చాడంటే చెప్పులూ గుమ్మం దగ్గర ఉండాలి కదా, అలాగ. ఆల్కహాల్ ఓహెచ్ ఉందంటే 3400 ప్రాంతంలో ఒకటి, 1050–1200 మధ్య సీ–ఓ బంధానిది గట్టిగా మరొకటి ఉండాలి. యాసిడ్ అయితే 1700 దగ్గర కార్బొనిల్‌తో (కార్బన్, ఆక్సిజన్ మధ్య జంట బంధం) పాటు 3300 నుంచి 2500 దాకా సీ–హెచ్ పీక్‌లని కప్పేస్తూ పరుచుకున్న వెడల్పు ఉండాలి. ఆల్డిహైడ్ అయితే 1725తో పాటు 2720, 2820 దగ్గర రెండు చిన్న పీక్‌లు. ప్రైమరీ ఎమీన్‌కి 3300–3500లో రెండు కొనలు, సెకండరీకి ఒకటి, టెర్షియరీకి అసలుండవు.

ఇప్పుడు నీ 3441కి తోడెవరు? నువ్వే రాశావు, 1636 భుజం. ఈ రెండూ కలిసి వస్తే అది నీళ్ల సంతకం. నీటి అణువులో ఓ–హెచ్ సాగడం 3440 ప్రాంతంలో, హెచ్–ఓ–హెచ్ కోణం ముడుచుకోవడం 1635–1640 దగ్గర. ఆల్కహాల్‌కి ఈ రెండోది ఉండదు. పొటాషియం బ్రోమైడ్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, గడ్డ కట్టిన సీసా అదే చెబుతోంది.

బెంజోయిన్ ఓహెచ్ రూపం కూడా వేరు. ఘన స్థితిలో 3410, 3380 దగ్గర కొనదేలిన పీక్‌లుగా నిలబడుతుంది, నీళ్లలాగా గోనెసంచి జారినట్టు ఉండదు. బెంజోయిన్ కార్బొనిల్ 1680. నీది 1661. బెంజిల్‌కి రావాల్సింది 1660. నువ్వు 3441 చూసి బెదిరిపోయి, నీ ప్రశ్నకి నేరుగా జవాబు చెప్పే 1661ని పక్కన పెట్టావు. 1594, 1579 బెంజీన్ వలయానివి, 1211 బెంజిల్‌లో బాగా గట్టిగా వచ్చేదే. 3064 వలయం మీది సీ–హెచ్.

ఇక 2922, 2852. బెంజిల్‌లో 3000 కింద సీ–హెచ్ ఉండకూడదు, నిజమే. అయితే ఆ జంట బెంజోయిన్‌ది అనడం కూడా కుదరదు. 2920, 2850 అని జంటగా వచ్చాయంటే పొడవాటి సీహెచ్2 గొలుసు ఉన్నట్టు. బెంజోయిన్‌లో గొలుసే లేదు, ఉన్నది ఒకే ఒక్క హైడ్రోజన్. గొలుసులుండేది నూనెలో, గ్రీజులో, పారఫిన్‌లో. వేలితో నొక్కి తీశానన్నావు. తలకి రాసుకున్న కొబ్బరినూనె కూడా కనబడుతుందమ్మా ఈ మిషన్‌కి. 1745 దగ్గర చిన్న బుడిపె ఉందేమో ప్రింటవుట్ మళ్లీ చూడు. ఉంటే నూనెలోని ఎస్టర్ అన్నమాట.

2360 గురించి భయపడకు. అది గదిలో గాలి, కార్బన్ డయాక్సైడ్. 2349 చుట్టూ రెండు మూపురాలుగా వస్తుంది. పొద్దున బ్యాక్‌గ్రౌండ్ తీసి మధ్యాహ్నం శాంపిల్ పెడితే, ఈలోపు గదిలో పదిమంది ఊపిరి తేడా అక్కడ అచ్చు పడుతుంది. నైట్రైల్ అయితే 2220–2260 మధ్య సన్నగా ఒకే సూదిలాగా వస్తుంది.

బ్యాచ్ పారేయొద్దు.

స్పెక్ట్రా_సీమ | శుక్రవారం ఉదయం 8:20

మేడమ్, 1636 తోడు సంగతి నేను చూసుకోలేదు, మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. అయితే ఒక్క మాట మిగిలింది. 3441 నీళ్లది అని తేలినంత మాత్రాన బెంజోయిన్ లేదని తేలదు కదా? అంత వెడల్పాటి నీళ్ల పీక్ కింద రెండు మూడు శాతం బెంజోయిన్ దాక్కుంటే మనకి కనబడదు. మెల్టింగ్ పాయింట్ 92–94 అంటోంది. స్వచ్ఛమైన బెంజిల్ 95, కల్తీ ఉంటే అది తగ్గుతుంది. ఆ ఒకటి రెండు డిగ్రీలు నాకు ఇంకా గుచ్చుకుంటున్నాయి.

పెన్నా_మేడమ్ | శుక్రవారం ఉదయం 8:52

మంచి ప్రశ్న నాయనా, నా జవాబులో ఆ లోటు ఉంది. ఐఆర్ ముఖ్యమైన పదార్థం ఏమిటో చెబుతుంది. కొద్దిపాటి కల్తీని పట్టడం దాని పని కాదు. నాలుగైదు శాతం దాకా కంటికి ఆనకపోవచ్చు.

దీనికి పాతకాలపు పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చు లేదు. గింజంత పొడిని అర మిల్లీలీటర్ ఆల్కహాల్‌లో కరిగించి, పది శాతం సోడియం హైడ్రాక్సైడ్ ఒక్క చుక్క వేయాలి. బెంజోయిన్ ఏమాత్రం మిగిలినా ఊదారంగు తిరుగుతుంది. బెంజిల్ ఒక్కటే ఉంటే ఆ రంగు రాదు. బెంజిల్_అనంతా, ఐఆర్ మళ్లీ తీసేముందు ఇది చేసి చూడు. టీఎల్‌సీ (కలిసిన పదార్థాలని వేరువేరు మచ్చలుగా విడదీసే పలచటి పొర క్రొమటోగ్రఫీ) ప్లేటు మీద బెంజోయిన్ చుక్క పక్కన నీ చుక్క కూడా నడిపించు.

కర్నూలు_క్యూసీ | శుక్రవారం మధ్యాహ్నం 1:40

లంచ్‌లో రాస్తున్నాను. పెల్లెట్ ఎలా చేయాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, పక్కవాణ్ణి చూసి నేర్చుకోవాల్సిందే. నాకు మా సీనియర్ ఒకాయన వారం రోజులు పక్కనుండి నేర్పాడు, అదే నీకు చెబుతున్నాను.

కావలసినంత కేబీఆర్‌ని పెట్రీ డిష్‌లో పలచగా పరిచి 110 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచు. తీసి వెంటనే డెసికేటర్‌లో (తేమ తగలకుండా ఉంచే మూత పాత్ర) పెట్టు. డెసికేటర్‌లో సిలికా జెల్ నీలంగా ఉందో, గులాబీ రంగుకి తిరిగిందో చూడు. గులాబీ అయితే అది తాగాల్సిన నీళ్లన్నీ తాగేసినట్టే, దాన్ని ముందు ఓవెన్‌లో పెట్టాలి.

అగేట్ కల్వాన్ని అసిటోన్‌తో కడిగి, ల్యాంప్ కింద పూర్తిగా ఆరనివ్వు. తడి అసిటోన్ మిగిలితే 1715 దగ్గర కొత్త కార్బొనిల్ పుట్టుకొస్తుంది, అప్పుడు ఇంకో వారం తల పట్టుకుంటావు. వంద మిల్లీగ్రాముల కేబీఆర్‌కి ఒక మిల్లీగ్రాము శాంపిల్ చాలు. ముందు శాంపిల్ ఒక్కటే మెత్తగా నూరు, తర్వాత కొద్దికొద్దిగా కేబీఆర్ కలుపు. కేబీఆర్‌నే పది నిమిషాలు గట్టిగా నూరితే ఆ నూరేంతసేపూ గాల్లో తేమ పీలుస్తూనే ఉంటుంది. శాంపిల్ రవ్వరవ్వగా ఉంటే మాత్రం కాంతి చెదిరిపోయి బేస్‌లైన్ ఎడమవైపు వాలిపోతుంది. పొడి కల్వం గోడకి పౌడర్ రాసినట్టు అంటుకునే దాకా నూరాలి. చేతికే తెలుస్తుంది, మొదట కరకర వినబడుతుంది, తర్వాత చప్పుడు ఆగిపోతుంది.

డైలో సమంగా పరిచి ప్రెస్‌లో ఎనిమిది పది టన్నుల ఒత్తిడి రెండు నిమిషాలు. పెల్లెట్ గాజు బిళ్లలాగా ఉండాలి, కింద పేపర్ పెడితే అక్షరాలు చదవగలగాలి. నీరుకావి పట్టినట్టు మసకగా ఉంటే తేమ ఉన్నట్టు. చేత్తో ముట్టుకోవద్దు, ఫోర్సెప్స్‌తో తియ్. అదే కేబీఆర్‌తో శాంపిల్ లేని పెల్లెట్ ఒకటి చేసి దాన్నే బ్యాక్‌గ్రౌండ్‌గా తీయించు, ఆ వెంటనే నీది పెట్టు.

మీ డిపార్ట్‌మెంట్‌లో ఏటీఆర్ అటాచ్‌మెంట్ ఉంటే ఈ తిప్పలు ఏవీ ఉండవు. డైమండ్ మీద చిటికెడు పొడి వేసి నొక్కితే చాలు. కాంతి పొడిలోకి ఒకటి రెండు మైక్రాన్లే వెళ్తుంది. అయితే 3000 వైపు పీక్‌లు పెల్లెట్‌లో కన్నా పొట్టిగా వస్తాయి, 1900–2300 మధ్య డైమండ్ తనే పీల్చుకుంటుంది. కేబీఆర్‌తో తీసిన పాత స్పెక్ట్రమ్‌తో పోల్చేటప్పుడు అది గుర్తుండాలి.

ఒక అదనపు సంగతి, ఫార్మా వైపు రావాలనుకుంటే పనికొస్తుంది. హైడ్రోక్లోరైడ్ లవణాలని కేబీఆర్‌లో నూరకూడదు. నూరేటప్పుడు క్లోరైడ్, బ్రోమైడ్ తారుమారవుతాయి. వాటికి పొటాషియం క్లోరైడ్ వాడతాం.

హంద్రీ_తీరం | శుక్రవారం సాయంత్రం 6:10

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. చర్చ మొత్తం శ్రద్ధగా చదివాను. గాల్లో కార్బన్ డయాక్సైడ్ వెయ్యిలో ఒక పాలు కూడా ఉండదు. అయినా 2360 దగ్గర కనబడింది. మరి గాలంతా నిండి ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్ ఎందుకు కనబడలేదు? ఒక్కో బంధానికి ఒక్కో అంకె ఎందుకు? పిల్లలకి చెప్పేలా ఎవరైనా వివరిస్తారా?

పెన్నా_మేడమ్ | శుక్రవారం రాత్రి 8:30

మాస్టారూ, పిల్లలకి తంబుర చూపించండి. తీగ బిగిస్తే శ్రుతి పైకి వెళ్తుంది. తీగ లావుగా, బరువుగా ఉంటే కిందికి దిగుతుంది. బంధాలదీ అదే లెక్క. బిగువు అంటే బంధ బలం, బరువు అంటే రెండు చివరల ఉన్న పరమాణువుల ద్రవ్యరాశి. పౌనఃపున్యం బలానికి వర్గమూలంగా పెరుగుతుంది, ద్రవ్యరాశికి వర్గమూలంగా తగ్గుతుంది.

కార్బన్–కార్బన్ మధ్య ఒకే బంధం 1000–1200 దగ్గర, జంట బంధం 1650 దగ్గర, మూడు బంధాలు 2150 దగ్గర. పరమాణువులు అవే, బిగువు పెరిగింది. ఇక కార్బన్–హైడ్రోజన్ 2900 అయితే, హైడ్రోజన్ స్థానంలో రెట్టింపు బరువున్న డ్యుటీరియం పెడితే 2100 చిల్లరకి దిగుతుంది. బంధం అదే, బరువు మారింది. ఆల్కహాల్‌ని భారజలంతో కలిపి ఊపితే 3400 దగ్గరి ఓహెచ్ పీక్ 2500 వైపు జరిగిపోవడం మా ల్యాబ్‌లో చూపిస్తే పిల్లలు కళ్లింత చేసుకుని చూసేవారు.

నైట్రోజన్, ఆక్సిజన్ సంగతి. బంధం కదిలితే సరిపోదు, ఆ కదలికలో విద్యుదావేశం అటూ ఇటూ ఊగాలి, అంటే ద్విధ్రువ భ్రామకం మారాలి. అప్పుడే పరారుణ కాంతి దాన్ని పట్టుకుంటుంది. రెండు వైపులా ఒకే పరమాణువు ఉన్న నైట్రోజన్ ఎంత సాగినా రెండు పక్కలూ సమానమే, కాంతికి పట్టు దొరకదు. కార్బన్ డయాక్సైడ్‌లో కూడా రెండు ఆక్సిజన్లూ ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదిలితే కనబడదు. ఒకటి దగ్గరై మరొకటి దూరమయ్యే కదలిక 2349 దగ్గర, వంగే కదలిక 667 దగ్గర కనబడతాయి. భూమి వదిలే వేడిని ఆ వాయువు పట్టి ఉంచుతోందని మనం పేపర్లో చదివేది ఈ కదలికల వల్లే. కార్బొనిల్ పీక్ ఎప్పుడూ అంత లోతుగా దిగేది కూడా ఇందుకే, కార్బన్, ఆక్సిజన్ మధ్య ఆవేశం తేడా ఎక్కువ.

పిల్లలకి ఇంకోటి చెప్పండి. 1800లో విలియం హెర్షెల్ ఎండని పట్టకంతో రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగులో థర్మామీటర్ పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, కంటికి ఏమీ కనబడని చోట పాదరసం ఇంకా పైకెక్కింది. పరారుణం దొరికింది అలా. 1905లో కోబ్లెంట్జ్ అనే అమెరికన్ ఎన్నో పదార్థాల ఐఆర్ స్పెక్ట్రాలు కొలిచి అచ్చు వేయించాడు. ఒకే గ్రూపు ఏ పదార్థంలో ఉన్నా దాదాపు ఒకేచోట కనబడుతుందన్న సంగతి ఆ పనిలోనే బయటపడింది.

హంద్రీ_తీరం | శుక్రవారం రాత్రి 9:02

తంబుర మా స్కూల్లో ఉంది మేడమ్. సోమవారమే చూపిస్తాను. చాలా సంతోషం.

గానుగ_తాడిపత్రి | శుక్రవారం రాత్రి 9:45

అయ్యా, నాది చదువు సంబంధం కాదు. శెనక్కాయల గానుగ నడుపుతున్నాను. నూనె ఎస్టర్ కూడా ఈ మిషన్‌లో కనబడుతుందని మేడమ్ రాశారు కదా, అందుకే అడుగుతున్నా. మా దగ్గర ఆడించిన నూనెలో పామాయిల్ కలిపామని ఒక కొనుగోలుదారు అన్నాడు. మేం కలపలేదు. ఈ మిషన్‌తో తీయిస్తే మాట తేలుతుందా?

కర్నూలు_క్యూసీ | శుక్రవారం రాత్రి 10:20

అన్నా, మీ బాధ అర్థమైంది. ఉన్నదున్నట్టు చెబుతాను.

శెనగనూనె, పామాయిల్ రెండూ ట్రైగ్లిజరైడ్లే, అంటే ఒకే రకం కొవ్వు అణువులే. రెండిటికీ 2924, 2854, 1745, 1160, 722 దగ్గర ఒకేలా పీక్‌లు వస్తాయి. తేడా ఉన్నది 3006 దగ్గర. జంట బంధం మీది హైడ్రోజన్ అక్కడ కనబడుతుంది. శెనగనూనెలో అసంతృప్త కొవ్వులు ఎక్కువ కాబట్టి అది స్పష్టంగా ఉంటుంది, పామాయిల్‌లో తగ్గుతుంది. సగానికి సగం కలిపితే తెలుస్తుంది. పది శాతం కలిపితే కంటితో చూసి చెప్పలేం, ఎన్నో శాంపిళ్లతో లెక్కలు కట్టిన సాఫ్ట్‌వేర్ కావాలి. కాబట్టి ఐఆర్ కాగితం ఒక్కటీ చూపించి కొనుగోలుదారుని ఒప్పించలేరు.

ఐఆర్ బాగా పట్టేవి వేరే ఉన్నాయి. మినరల్ ఆయిల్ కలిస్తే 1745 బక్కచిక్కుతుంది, దాన్లో ఎస్టర్ లేదు. ఆముదం బాగా కలిస్తే 3400 దగ్గర ఓహెచ్ లేస్తుంది. డాల్డా రకం కొవ్వులోని ట్రాన్స్ ఫ్యాట్ 966 దగ్గర పడుతుంది. నూనె పాడై ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు పెరిగితే 1745 పక్కన 1711 దగ్గర భుజం వస్తుంది.

మీ గొడవ తేలాలంటే గ్యాస్ క్రొమటోగ్రఫీలో ఫ్యాటీ యాసిడ్ ప్రొఫైల్ అడగండి. పామిటిక్ ఆమ్లం శెనగనూనెలో పది శాతం చుట్టూ, పామాయిల్‌లో నలభై పైన ఉంటుంది, అక్కడ దాచడం కుదరదు. దాంతో పాటు బెల్లియర్ టెస్ట్ (చల్లారుస్తుంటే ఎన్ని డిగ్రీల దగ్గర మసకబారుతుందో చూసే పరీక్ష) అడగండి, శెనగనూనెకి 39–41 డిగ్రీల మధ్య మసకబారాలి. నూనెల మీద పరిశోధనకే అనంతపురంలో జేఎన్‌టీయూ కింద ఒక సంస్థ ఉంది, ముందు అక్కడ వాకబు చేయండి.

ముగ్గురాయి_కడప | శనివారం ఉదయం 7:30

ఆర్గానిక్ వాళ్లే మాట్లాడుతున్నారు, రాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట. నేను ఖనిజాల ల్యాబ్‌లో పని చేస్తాను. మంగంపేట ముగ్గురాయి, అంటే బరైటిస్, పొడి చేసి ఐఆర్‌లో పెడితే 1080–1180 మధ్య సల్ఫేట్ గుంపు, 983 దగ్గర సన్నటి పీక్, 610, 637 దగ్గర జంట వస్తాయి. మన కడప బండ సున్నపురాయి కాబట్టి కార్బొనేట్ చూపిస్తుంది, 1420 చుట్టూ వెడల్పుగా, 875, 712 దగ్గర సూదుల్లాగా. ముగ్గురాయి పొడిలో సున్నపురాయి కలిస్తే ముందు కనబడేది 875. ఇసుక ఉంటే 798, 779 జంట.

కానీ మా దగ్గర మొదటి పరీక్ష ఇప్పటికీ అరచెయ్యే. బరైటిస్ సాంద్రత నాలుగు పైన, సున్నపురాయిది 2.7. పిడికెడు పట్టుకుంటే తెలిసిపోతుంది. తర్వాత చుక్క యాసిడ్, బుసబుస పొంగిందా లేదా. ఐఆర్ మూడోది.

బెంజిల్_అనంత | శనివారం రాత్రి 8:15

అందరికీ పాదాభివందనం. ఈరోజు జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున మొదట మేడమ్ చెప్పిన పరీక్ష చేశాను. ఆల్కహాల్‌లో కరిగించి సోడియం హైడ్రాక్సైడ్ చుక్క వేశాను. రెండు మూడు సెకన్లు ఏమీ లేదు. తర్వాత చుక్క పడ్డచోట నుంచి పలచగా ఊదారంగు తిరిగింది, వంకాయ తొక్క ఉడికిన నీళ్లలాగా. స్పెక్ట్రా_సీమ అన్నా, మీ అనుమానం నిజం. టీఎల్‌సీలో కూడా బెంజోయిన్ ఎత్తులో చాలా పలచటి మచ్చ కనబడింది.

మళ్లీ యాసిడ్‌తో వేడి చేయలేదు, వేడి ఆల్కహాల్‌లో కరిగించి రీక్రిస్టలైజ్ చేశాను, అంటే చల్లార్చి మళ్లీ స్ఫటికాలు కట్టనిచ్చాను. ఈసారి పొడి కాదు, పొడవాటి పసుపు సూదులు వచ్చాయి. ఫిల్టర్ పేపర్ మీద ఆరుతుంటే చూస్తూ కూర్చున్నాను. మెల్టింగ్ పాయింట్ 94–95. ఊదారంగు పరీక్ష మళ్లీ చేస్తే రంగు రాలేదు.

కేబీఆర్ నిన్న రాత్రే ఓవెన్‌లో పెట్టాను. డెసికేటర్‌లో సిలికా జెల్ నిజంగానే గులాబీ రంగులో ఉంది, దాన్ని కూడా పెట్టాను. పాత సీసాలోని కేబీఆర్‌తో ఒక ఒట్టి పెల్లెట్, ఎండబెట్టిన దాంతో ఒకటి చేసి రెండూ తీశాను. పాతదాంట్లో 3440, 1636 రెండూ ఉన్నాయి, శాంపిల్ ఏమీ వేయకుండానే! ఎండినదాంట్లో 3440 దగ్గర గీతకి కొంచెం వంపు, అంతే.

కొత్త పెల్లెట్ కింద నా ఐడీ కార్డు మీది పేరు చదవగలిగాను. ఫోర్సెప్స్‌తోనే తీశాను. స్పెక్ట్రమ్‌లో 2922, 2852 లేవు. పాత ప్రింటవుట్ దీపం కింద పెట్టి చూస్తే 1745 దగ్గర చిన్న బుడిపె ఉంది మేడమ్, కొత్తదాంట్లో లేదు. 1661 కొనదేలి నిలబడింది, 1636 భుజం పోయింది. 3064, 1594, 1579, 1450, 1211, 719 అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

స్పెక్ట్రా_సీమ | శనివారం రాత్రి 8:40

మంచి పని చేశావు చెల్లీ. నేను మొదటి రోజు మళ్లీ యాసిడ్‌తో వేడి చెయ్యమన్నాను, అది వినకపోవడమే మేలైంది. సోమవారం రెండు ప్రింటవుట్లూ, ఒట్టి కేబీఆర్‌వి రెండూ, నాలుగూ పట్టుకెళ్లు. కొత్తది ఒక్కటే చూపించకు. పాతదాంట్లో ఏ పీక్ ఎక్కడి నుంచి వచ్చిందో పక్కన పెన్సిల్‌తో రాసి చూపించు.

పెన్నా_మేడమ్ | శనివారం రాత్రి 9:05

ఆ సూదుల్లో కొన్ని చిన్న సీసాలో వేసి, తేదీ రాసి దాచుకో అమ్మా. తర్వాతి మెట్టులో ఆ కార్బొనిల్స్‌తో ఏం చేసినా, 1661 తగ్గిందా పోయిందా అని పోల్చుకోడానికి నీకు అదే కొలబద్ద.

గానుగ_తాడిపత్రి | ఆదివారం ఉదయం 6:50

క్యూసీ సార్, నిన్న వాకబు చేశాను. శాంపిల్ తెమ్మన్నారు. వాటర్ బాటిల్‌లో పోసి తీసుకెళ్తే సరిపోతుందా?

కర్నూలు_క్యూసీ | ఆదివారం ఉదయం 7:25

ప్లాస్టిక్ వద్దన్నా. నూనె ప్లాస్టిక్‌లో ఉంటే దాన్లోని మెత్తబరిచే రసాయనాలు నూనెలోకి దిగొచ్చు. రంగు గాజు సీసా తీసుకుని, కడిగి, ఎండలో బాగా ఆరబెట్టండి. అంచుదాకా నింపి మూత గట్టిగా పెట్టండి. మూడు సీసాలు నింపండి, ఒకటి ల్యాబ్‌కి, ఒకటి మీ దగ్గర, ఒకటి ఆ కొనుగోలుదారుకి. మూడిటి మీదా అతని ముందే సీలు వేయండి. ఆడించిన తేదీ, కాయలు ఏ ఊరి నుంచి వచ్చాయో చీటీ మీద రాసి అంటించండి.

గానుగ_తాడిపత్రి | ఆదివారం ఉదయం 7:40

సరే సామీ. మధ్యాహ్నం అతన్ని గానుగ దగ్గరికి పిలిపిస్తాను.